పాత జిప్సీ కింగ్: లిఫ్ట్ కన్నా ముందు కింగ్‌పిన్ బేరింగులు

సెకండ్ హ్యాండ్ మారుతి జిప్సీ ఇంటికి రాగానే చాలామంది టైర్ల కొట్టుకో, బంపర్ చేసే వెల్డింగ్ షాపుకో పరిగెడతారు. జాకీ ఎత్తి కింద దూరి చూసేవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి ఈ బండిని వాడుతూ, విప్పుతూ, బిగిస్తూ కుదిరిన అభిప్రాయం ఒకటే: మొదటి విడత డబ్బంతా యాక్సిళ్లు, బుష్షులు, సీళ్లు, బ్రేకుల మీదే పెట్టాలి. అవి లూజుగా ఉండగా పెద్ద టైర్లు వేస్తే ఉన్న జబ్బు రెండింతలవుతుంది.

చెప్పేది 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పంపే) జిప్సీ కింగ్ గురించి. 1985 చివర్లో వచ్చిన 970 సీసీ జిప్సీకి నాలుగే గేర్లు. 1996లో కింగ్‌తో 1.3 ఇంజనూ ఐదో గేరూ వచ్చాయి, తర్వాత 80 హార్స్‌పవర్ ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. అన్నిటికీ ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, కమాను కట్టలే. అందుకే కింది భాగం సంగతులు పాత బండ్లకూ చాలావరకు సరిపోతాయి.

ముందు స్టీరింగ్ వణుకు సంగతి. 60, 70 వేగంలో చిన్న గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లో గింగిర్లు కొట్టి, బ్రేకు వేసి నెమ్మదిస్తే గానీ ఆగదు. మెకానిక్ మొదట వీల్ బ్యాలెన్సింగ్ అంటాడు, అది తీరకపోతే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే షాక్ అబ్సార్బర్) మార్చమంటాడు. బ్యాలెన్సింగ్ చేయించాల్సిందే. డ్యాంపర్ మాత్రం వణుకును కొన్నాళ్లు దాచిపెడుతుంది, అంతే.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందు చక్రం జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే లూజు వీల్ బేరింగులో ఉన్నట్టు. తొక్కినా ఆడుతూనే ఉంటే కింగ్‌పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పితే చక్రం పక్కకు తిరిగే కీలులోవి) అరిగినట్టు. ఇక ఎడమా కుడీ పట్టుకుని ఊపితే చక్రాలను స్టీరింగ్‌కు కలిపే టై రాడ్ ఎండ్ల లూజు బయటపడుతుంది. ఇన్ని చూశాకే స్టీరింగ్ బాక్స్ మీది అడ్జస్టింగ్ స్క్రూ జోలికి వెళ్లాలి. దాన్ని అతిగా బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, లోపలి పళ్లు కూడా తొందరగా అరుగుతాయి.

కింగ్‌పిన్ బేరింగులు పక్కకు రెండు చొప్పున నాలుగు. విప్పినప్పుడు నాలుగూ మార్చేయండి, పాత కప్పుల్లో కొత్త రోలర్లు వేయొద్దు. అదే విప్పుడులో లోపలి యాక్సిల్ ఆయిల్ సీలు, నకిల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) వెనక ఉండే ఫెల్ట్, రబ్బరు సీళ్లు కూడా మార్చాలి. ముందు టైరు లోపలి గోడ మీద నల్లటి జిడ్డు కారి, దుమ్ము పట్టి అట్టకట్టి కనిపిస్తే, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్య ఉండే గేర్ల పెట్టె) ఆయిలు లోపలి సీలు దాటొచ్చి నకిల్‌లోని గ్రీజుతో కలిసి పల్చబడిందని అర్థం. బయటి సీలు ఒక్కటే మారిస్తే నెలల్లో మళ్లీ కారుతుంది. బిగించేటప్పుడు షిమ్ముల (బిగువు సరిచేసే పల్చటి రేకుల) లెక్క ముఖ్యం. సీళ్లు వేయక ముందు టై రాడ్ రంధ్రానికి స్ప్రింగ్ తక్కెడ తగిలించి లాగితే నకిల్ 1 నుంచి 1.8 కిలోల మధ్య కదలాలి. తేలిగ్గా కదిలితే షిమ్ము తీయాలి, బరువుగా ఉంటే కలపాలి. చాలా షెడ్లలో ఈ తక్కెడ ఉండదు, చేత్తో ఊపి "బాగుంది సార్" అంటారు. కూరగాయలు తూచే చిన్న కొక్కెం తక్కెడ మీరే తీసుకెళ్లండి.

ఫ్రీ వీలింగ్ హబ్బుల్ని (ముందు చక్రాలను 4x4 కోసం యాక్సిల్‌కు కలిపే, విడదీసే నాబ్‌లున్నవి) కూడా అప్పుడే విప్పి కడిగించండి. వీల్ బేరింగుకు పెట్టినట్టు హబ్బులోనూ గ్రీజు కూరితే నాబ్ తిప్పినా లాక్ సరిగ్గా పడదు. పల్చటి పూత చాలు.

ఆయిళ్ల విషయంలో పాత ఓనరు మాట నమ్మకుండా అన్నీ మార్చేయాలి. గేర్‌బాక్సుకు సుమారు 1.3 లీటర్లు, ఇంజన్ శక్తిని ముందూ వెనకా యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు 0.8, ముందు డిఫరెన్షియల్‌కు 2, వెనక దానికి 1.5. గేర్‌బాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేసుకూ జీఎల్-4 రకం గేర్ ఆయిలు, డిఫరెన్షియళ్లకు జీఎల్-5. జీఎల్-5నే అన్నిట్లో పోస్తే గేర్‌బాక్సులోని గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు దెబ్బతింటాయి. డ్రెయిన్ బోల్టు విప్పే ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. తుప్పుపట్టి అది రాకపోతే, ఉన్న ఆయిలు కింద పారబోసి ఖాళీ బండితో కూర్చోవాలి. లెవెల్ రంధ్రం నుంచి కారేదాకా పోయడమే కొలత. పాత ఆయిలు పాలు కలిపిన టీలా వస్తే లోపలికి నీళ్లు వెళ్లాయన్నమాట.

నీళ్లు వెళ్లే దారి ఎక్కువగా బ్రీదర్, అంటే యాక్సిల్ లోపలికి గాలి ఆడే చిన్న రంధ్రం. పరుగుతో వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగగానే చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ నుంచో సీలు అంచుల నుంచో నీటిని పీల్చుకుంటుంది. రెండు యాక్సిళ్ల బ్రీదర్లకూ రబ్బరు పైపులు తగిలించి బానెట్ ఎత్తుకు తెస్తే సరి. మారేడుమిల్లి, అరకు వైపు వానాకాలంలో తిరిగేవాళ్లకు ఇదే అసలైన మొదటి అప్‌గ్రేడ్. ఖర్చు కొన్ని మీటర్ల పైపు, నాలుగు క్లిప్పులు. స్నోర్కెల్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టాన్ని పైకప్పు ఎత్తుకు తెచ్చేది) సంగతి ఆ తర్వాత.

ట్రాన్స్‌ఫర్ కేసు ఈ బండిలో గేర్‌బాక్సుకు విడిగా, మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. రబ్బరు చిరిగితే బరువు లాగేటప్పుడు దాని లీవరు గేరులోంచి జారిపోతుంది, లేదా కింద నుంచి ఢక్కుమని చప్పుడొస్తుంది. దాన్ని గేర్‌బాక్సు పోయిందనుకుని విప్పించినవాళ్లున్నారు. రెండు పెట్టెల మధ్య పొట్టి షాఫ్టు క్రాసుల్లో (యూనివర్సల్ జాయింట్లలో) ఆట కూడా చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్టు విప్పినప్పుడు రెండు ముక్కల మీదా సుద్దతో గీత పెట్టుకోండి. జారుడు జాయింటు ఒక పన్ను తప్పి ఎక్కినా నేలంతా వణుకుతుంది.

ఇంజన్ గట్టిది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు ఒకేసారి మార్చేయండి. పంపు ఎలాగూ బెల్టు వెనకే ఉంది, రెండోసారి మజూరీ దండగ.

తుప్పు చూడాలంటే మ్యాట్లు ఎత్తాలి. స్క్రూడ్రైవరు పిడితో ఫ్లోరు, అద్దం ఫ్రేము కింది అంచు, వెనక క్రాస్ మెంబరు, కమాను బ్రాకెట్ల చుట్టూ కొట్టుకుంటూ పోండి. గట్టి రేకు ఖణేల్మంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ఫ్లోరుకు రేకు అతికించి టింకరింగ్ చేయించవచ్చు. ఛాసిస్ మీద కమాను బ్రాకెట్ దగ్గర చిల్లి పడితే మాత్రం ఆ బండి కొనకండి.

వెనక బ్రేకు డ్రమ్ము విప్పి షూలు తడిగా ఉన్నాయేమో చూడండి. యాక్సిల్ సీలు కారి ఆయిలు తాగిన షూను పెట్రోలుతో కడిగి వాడొద్దు, మార్చాల్సిందే.

ఇక టైర్లు. కంపెనీ సైజు 205/70 ఆర్15 ఎత్తు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 అయితే 703, అంటే 5 శాతం పెద్దది. మీటరు 60 చూపితే బండి 63లో ఉంటుంది. నా మటుకు ఇక్కడే ఆగడం మంచిది. 235/75 ఆర్15 దాదాపు 10 శాతం పెద్దది. 80 హార్స్‌పవర్ ఇంజన్ ఘాట్‌లో మూడో గేరు కూడా లాగదు, బ్రేకు దూరం పెరుగుతుంది, పైగా లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) తప్పనిసరి అవుతుంది. ఈ బండి బలమంతా సుమారు టన్ను బరువే ఉండటంలో ఉంది. రేగడి బురదలో బరువైన బండ్లు ఇరుసు దాకా దిగే చోట, గాలి 16, 18 పీఎస్ఐకి దించిన జిప్సీ పైపైన పోతుంది. గాలి కొట్టే చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉంటే వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) అవసరం చాలాచోట్ల రాదు.

లిఫ్ట్ కోసం పొడుగు షాకిళ్లు (కమాను చివరను ఛాసిస్‌కు తగిలించే పట్టీలు) వేయడం చవక దారి, అందుకే దాంతోనే గొడవ. షాకిల్ 50 మిల్లీమీటర్లు పొడుగైతే బండి లేచేది 25 మాత్రమే. ముందు యాక్సిల్ వాలు మారి క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గి, కష్టపడి పోగొట్టిన వణుకు తిరిగొస్తుంది. ఎత్తాలంటే కొత్త కమాను కట్టలతో ఎత్తండి. బ్రేకు హోసులు పొడుగువి వేయండి, యూ బోల్టులు కొత్తవి వాడి 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించండి. ఆటోనగర్లో పాత కట్టకే ఒక ఆకు ఎక్కువ వేసి ఇస్తారు, ఎత్తు వస్తుంది గానీ నడుం ఒప్పుకోదు. అసలే గట్టిగా ఎగిరేసే బండి. బుష్షులన్నీ కొత్తవి వేసి, ఆకులు విప్పి తుప్పు గీకి మళ్లీ కట్టిస్తే చాలామంది లిఫ్ట్ మాటే ఎత్తరు.

ఇనుప బుల్‌బార్ జోలికి వెళ్లకండి. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే వాటిని వద్దంది, పైగా ముందు కమాన్ల మీద అనవసరపు బరువు. ముందూ వెనకా ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన లాగుడు హుక్కులు చాలు. సైన్యం వేలంలో వచ్చిన బండి అయితే ఆలివ్ గ్రీన్ రంగు మార్పించాకే తిప్పాలి, ఆ రంగు రక్షణ శాఖ బండ్లకే. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్, దానికి ఫిట్‌నెస్ చూస్తారు. కొనేముందే ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోల్చండి. ఛాసిస్ నంబరు తుప్పు కింద చెరిగిపోయి ఉంటే రెన్యువల్ దగ్గర బండి ఆగిపోతుంది.

దూరం వెళ్లేటప్పుడు క్లచ్ కేబుల్, ఫ్యాన్ బెల్టు, ఒక క్రాసు, ముందు వీల్ బేరింగ్ సెట్టు, అర కిలో గ్రీజు సీటు కింద పడేసుకోండి. క్లచ్ కేబుల్ తెగితే దారి పక్క కొట్లో అదే పొడుగుది దొరకదు.