హైదరాబాద్‌లో సింగిల్ బెడ్‌రూమ్ అద్దెకు: గచ్చిబౌలి గేటెడ్ కమ్యూనిటీనా, అమీర్‌పేట మామూలు అపార్ట్‌మెంటా?

ఖర్చు: గచ్చిబౌలిలో అద్దె ఎక్కువ, దానిపైన చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్స్. అమీర్‌పేటలో రెండూ తక్కువే.

వెతుకులాట: గేటెడ్ కమ్యూనిటీల్లో కట్టేవి ఎక్కువగా రెండు, మూడు బెడ్‌రూమ్‌లే. సింగిల్ దొరకడం కష్టం. అమీర్‌పేటలో గల్లీ తిరిగితే టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి.

ప్రయాణం: అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. గచ్చిబౌలి వైపు మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది.

నీళ్లు: అసలు టెన్షన్ ఇదే. ఎండాకాలంలో ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో ఎక్కడ తీసుకున్నా అగ్రిమెంట్‌లో రాయించుకోండి. స్విమ్మింగ్ పూల్ చూసి మురిసిపోయి ఇది మర్చిపోవద్దు.

గచ్చిబౌలి పక్కనే ఉన్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు, రాత్రి షిఫ్టులు, ఒంటరిగా ఉండేవాళ్లయితే సెక్యూరిటీ కోసమైనా గచ్చిబౌలే. ఆఫీసుకు అప్పుడప్పుడూ వెళ్తూ డబ్బు వెనకేసుకోవాలనుకుంటే అమీర్‌పేట.