‘స్టార్వ్’ అంటే ఒకప్పుడు చావడమే: ఎటిమాన్‌లైన్ గురించి

ఇంగ్లిష్ మాటల పుట్టుక వెతకాలంటే నేను ముందు తెరిచేది ఎటిమాన్‌లైన్. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ ఒంటిచేత్తో మొదలుపెట్టిన నిఘంటువు, సైట్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు. అదెంత బాగుంటుందో చెప్పడానికి ‘స్టార్వ్’ అనే ఒక్క క్రియ చాలు.

ఆకలితో మాడడం అనే కదా మనం బళ్లో నేర్చుకున్నది. పాత ఇంగ్లిష్‌లో దాని రూపం ‘స్టెయోర్‌ఫన్’, అర్థం చనిపోవడం, అంతే. రోగంతో పోయినా కత్తిపోటుతో పోయినా అదే మాట, జర్మన్ ‘ష్టెర్బెన్’కి ఇప్పటికీ అదే అర్థం, 14వ శతాబ్దం చివర ఇంగ్లిష్ కవి చాసర్ కూడా అలాగే వాడాడు. తర్వాత ‘డై’ ఆ చోటంతా ఆక్రమించేసింది, స్టార్వ్‌కి మిగిలింది ఆకలిచావు. ఉత్తర ఇంగ్లండ్ యాసల్లో మాత్రం చలికి గడ్డకట్టుకుపోవడం. ఇంకా వెనక్కి వెళ్తే దీని మూలం ‘బిగుసుకుపోవడం’ కావచ్చని పండితుల ఊహ, బట్టలకు పెట్టే స్టార్చ్ కూడా ఆ కుటుంబమేనట. లింకు నొక్కుకుంటూ పోతే గంట తెలియకుండా గడిచిపోతుంది.

‘స్టార్వేషన్’ కథ ఇంకా బాగుంటుంది. అచ్చ ఇంగ్లిష్ క్రియకి లాటిన్ తోక తగిలించిన ఈ మాట 1770ల్లో గానీ వాడుకలోకి రాలేదు. 1775లో బ్రిటిష్ పార్లమెంటులో అమెరికా వలసల మీద జరిగిన చర్చలో హెన్రీ డండాస్ అనే సభ్యుడు దీన్ని వాడాడని చెబుతారు, ఆయనకి ‘స్టార్వేషన్ డండాస్’ అనే పేరే పడిపోయింది.

ఎటిమాన్‌లైన్‌లో లోపం ఏమిటంటే, పాత రచనల నుంచి వాక్యాలు తక్కువ. ఏ అర్థం ఎవరి రాతలో ఎలా ఉందో వరసగా చూడాలంటే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువుకే వెళ్లాలి, దానికి చందా కట్టాలి. మామూలు పాఠకులకు ఎటిమాన్‌లైనే చాలు, ఇంగ్లిష్ టీచర్లయితే తప్పకుండా చూడాలి.

ఇలాంటిది తెలుగుకి లేదే అనే బాధ మాత్రం నాకుంది. ఆంధ్రభారతి సైట్‌లో బ్రౌన్, శబ్దరత్నాకరం లాంటి నిఘంటువులన్నీ ఒకేచోట వెతుక్కోవచ్చు, అది గొప్ప సాయం. కానీ నెయ్యి ఒకప్పుడు ఏ చమురుకైనా చెల్లిన మాట, నువ్వుల నెయ్యే నూనె అయింది, మరి ఆ మార్పు ఏ శాసనంలో, ఏ కావ్యంలో కనబడుతుందో తేదీలతో చూపించే చోటు కావాలి. ఎవరైనా మొదలుపెడితే టైపింగ్ పనికి నేను రెడీ.