2 శాతం లెక్కా, మిల్లు లెక్కా? జిన్నింగ్ మిల్లుకు ఏ రిపోర్టు మేలు

ఆడిట్ రోజులొచ్చాయంటే వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల (పత్తి నుంచి గింజ తీసే మిల్లులు) యజమానుల నుంచి ఈమధ్య తరచూ వినిపించే ప్రశ్న ఇది: "సార్, సీఎస్ఆర్ రిపోర్టు ఉంటే సరిపోతదా, లేకుంటే కొత్తగా బీఆర్ఎస్ఆర్ అంటున్నరు, అది గూడ రాయించాల్నా?"

సీఎస్ఆర్ అంటే కంపెనీ సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు. బీఆర్ఎస్ఆర్ అంటే కార్మికులు, పర్యావరణం లాంటి విషయాల్లో కంపెనీ ఎలా నడుచుకుంటోందో చెప్పే రిపోర్టు. ముందు సీఎస్ఆర్ చట్టం ఎవరికి పడుతుందో చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు అని అది గీతలు పెట్టింది. వీటిలో ఏ ఒక్కటి చేరినా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఇది కంపెనీలకే. భాగస్వామ్య సంస్థగా నడిచే మిల్లుకు వర్తించదు. ప్రైవేట్ లిమిటెడ్ అయి, సగటు లాభం 6 కోట్లు ఉంటే 12 లక్షలు పక్కన పెట్టాలి. మొత్తం 50 లక్షలు దాటదు కాబట్టి విడిగా కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే చూసుకోవచ్చు.

బీఆర్ఎస్ఆర్‌ను షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021 మేలో తెచ్చింది. మార్కెట్ విలువలో ముందున్న 1,000 లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో నమోదైన) కంపెనీలకు 2022-23 నుంచి తప్పనిసరి. మన మిల్లులకు ఆ అవసరం లేదు. అయినా నేను దాని వైపే మొగ్గుతాను. కారణం చెబుతాను.

సీఎస్ఆర్ రిపోర్టు అడిగేవి కొన్నే: ఏ పని చేశారు, ఏ జిల్లాలో, ఎంత ఖర్చయింది, సొంతంగా చేశారా, వేరే సంస్థ ద్వారానా, ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత. ఊరి బడికి ఆర్వో ప్లాంటు పెట్టిస్తే ఒక వరుసలో రాసేస్తారు. ఏడాది తర్వాత ఆ ప్లాంటు నుంచి నీళ్లు వస్తున్నాయా అన్న ప్రశ్న చిన్న కంపెనీకి రాదు. ఫలితాల మదింపు తప్పనిసరి అయ్యేది సగటున ఏటా 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్నవాళ్లకే, అదీ కోటికి తగ్గని ప్రాజెక్టులకే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సొంత కార్మికుల మేలు కోసం పెట్టిన ఖర్చును ఈ నిబంధనలు సీఎస్ఆర్‌గా ఒప్పుకోవు. జిన్నింగ్ మిల్లులో రోజంతా దూది నుసి పీల్చేది ఎవరు? గింజ తీసే యంత్రాల దగ్గర నిలబడే ఆడవాళ్లు, బేళ్లు మోసే హమాలీలు. వాళ్లకు మాస్కులు ఇచ్చినా, నుసి లాగే ఫ్యాన్లు బిగించినా, మంటలార్పే పైపులైను వేసినా ఆ రిపోర్టులో చోటు దొరకదు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ పడితే పత్తి కుప్ప ఎలా అంటుకుంటుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. మిల్లు మంచీచెడూ తేలేది అక్కడే. ఆ సంగతే లేని రిపోర్టు ఎంత అందంగా అచ్చేసినా నాకు తృప్తినివ్వదు. పన్ను సంగతి కూడా చూడండి. ఫ్యాన్లకు, మాస్కులకు పెట్టింది వ్యాపార ఖర్చు. సీఎస్ఆర్ కింద పెట్టిన సొమ్మును ఆదాయపు పన్ను లెక్కలో వ్యాపార ఖర్చుగా ఒప్పుకోరు.

బీఆర్ఎస్ఆర్ అడిగేవి సరిగ్గా ఇవే: కార్మికుల్లో ఆడవాళ్లెందరు, కనీస వేతనం అందుతుందా, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారా, ప్రమాదాలు ఎన్ని, కరెంటు ఎంత కాలింది, చెత్త ఎటు పోతోంది. మీ సరుకు చివరికి పెద్ద స్పిన్నింగ్ మిల్లుకో, ఎగుమతి చేసే బట్టల కంపెనీకో చేరుతుంది. గీసుకొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చాక అలాంటి కొనుగోలుదారులు మన గడపలోనే ఉన్నారు. విదేశీ బ్రాండ్లకు కుట్టేవాళ్లు పత్తి ఎక్కడిదని, ఎవరి చేతులమీదుగా వచ్చిందని అడుగుతారు. అప్పుడు చూపించాల్సింది ఆర్వో ప్లాంటు ఫొటో కాదు, హాజరు పట్టీ, ప్రమాదాల రిజిస్టరు.

అలాగని సీఎస్ఆర్ రిపోర్టును తీసిపారేయలేం. కంపెనీల లెక్కలు కేంద్రం వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి. మా జిల్లా పేరు చెప్పి ఎంత రాశారో బడి హెడ్‌మాస్టరు కూడా చూడొచ్చు. ఊరికి అదొక హక్కు లాంటిది. బీఆర్ఎస్ఆర్‌లో ఆ సౌకర్యం తక్కువ. రామగుండం సంగతే తీసుకోండి. ఎన్టీపీసీ లిస్టెడ్ కంపెనీ, బీఆర్ఎస్ఆర్ ఇస్తుంది. కానీ అంకెలు దేశంలోని ప్లాంట్లన్నిటికీ కలిపి ఉంటాయి, రామగుండం వాటా విడిగా తెలియదు. సింగరేణి లిస్టెడ్ కాదు, దానికి సెబీ నియమమే వర్తించదు. ఓపెన్‌కాస్టు గనుల పక్కన ఉండేవాళ్లకు కావాల్సిన దుమ్ము లెక్క, పేలుళ్ల లెక్క సీఎస్ఆర్ రిపోర్టులోని కొత్త బడి గదుల జాబితాలో దొరకవు. ఒకేచోట నడిచే మన మిల్లుకు ఈ ఇబ్బంది లేదు. అంకెలన్నీ ఆ ఒక్క ఆవరణవే.

ఇక ప్రచారం కోసం అచ్చేసే రంగుల పుస్తకం. చెక్కు అందిస్తున్న ఫొటోలు, ఫ్లెక్సీ ముందు నవ్వులు. దానికి డబ్బు పెట్టకండి.

చట్టం వర్తిస్తే సీఎస్ఆర్ రిపోర్టు ఎలాగూ ఇవ్వాలి, సీఏ గారు చూసుకుంటారు. దానితోపాటు బీఆర్ఎస్ఆర్ ప్రశ్నల్లోంచి మీకు పనికొచ్చేవి ఓ పది ఏరుకుని నాలుగు పేజీలు తెలుగులోనే రాయండి. ఆ లెక్క రాయడం పత్తి రాకముందే, అక్టోబరులోపే మొదలుపెట్టండి. 170 కిలోల ఒక్కో బేలుకు ఎన్ని యూనిట్ల కరెంటు పడింది, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరికి ఎంత కూలి అందింది, అన్నీ నెలనెలా రాయించండి. దెబ్బ తగిలిన నెలను దాచకండి. ఒక ప్రతి ఆఫీసులో, ఒకటి కార్మికులు చదువుకునేలా గేటు దగ్గర బోర్డు మీద పెట్టండి.