చైనీస్ చెవికెక్కాలంటే ఏ పోటీ షో మేలు?

పాటల పోటీలు చూస్తే చైనీస్ దానంతటదే వచ్చేస్తుందనేది సగమే నిజం. మాండరిన్‌లో, అంటే ప్రామాణిక చైనీస్‌లో, మాటకి అర్థం స్వరాన్ని బట్టి, అంటే గొంతు ఎక్కే దిగే తీరుని బట్టి, మారుతుంది. స్వరాలు నాలుగు, తేలిపోయే స్వరం ఒకటి అదనం. పాటలోకి వచ్చేసరికి ఆ స్వరాల్ని బాణీ మింగేస్తుంది. అందుకే నలభై పాటలు కంఠతా వచ్చినవాళ్లు కూడా టీ కొట్టు దగ్గర నోరు తెరిస్తే తడబడతారు. భాష కోసం షో ఎంచుకునేటప్పుడు పాటల సంగతి పక్కన పెట్టి, పాటకీ పాటకీ మధ్య ఎవరు, ఎంతసేపు, ఎంత వేగంగా మాట్లాడుకుంటున్నారో చూడాలి.

ఆ లెక్కన ‘సింగర్’ వెనకబడుతుంది. హునాన్ టీవీ 2013లో మొదలుపెట్టిన ఈ షోని 2024లో ప్రత్యక్ష ప్రసారం చేశారు, ఆ సీజన్ గాయని నా యింగ్ గెలిచింది. వినడానికి దీన్ని మించింది లేదు. కానీ సమయంలో ఎక్కువ భాగం పాటలకే పోతుంది, మిగిలినదాంట్లో వ్యాఖ్యాత గబగబా చదివే వాక్యాలే ఎక్కువ. ఒక లాభం మాత్రం ఉంది: పాట సాగుతుంటే సాహిత్యం తెర మీద పడుతుంది, కాబట్టి లిపి చదవడం అలవాటవుతుంది. అంటే ఇది కంటికి పాఠం, చెవికి కాదు.

ఐడల్ షోలు, అంటే ప్రేక్షకుల ఓట్లతో కొత్తవాళ్లలోంచి ఒక పాప్ బృందాన్ని తయారుచేసే పోటీలు, దీనికి పూర్తిగా భిన్నం. వాటిలో ‘చువాంగ్ 2021’ది ప్రత్యేకమైన కథ. హైనాన్ దీవిలో తీసిన ఈ షోలో 90 మంది శిక్షణార్థులు, తుది బృందంలో 11 మంది. జపాన్ నుంచి వచ్చిన సాంటా, రికిమారు, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన ప్యాట్రిక్ ఆ పదకొండులో ఉన్నారు. భాష రానివాళ్లు ఇంతమంది ఉన్నచోట మిగతావాళ్లు చచ్చినట్టు నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో, చేతులు తిప్పుతూ మాట్లాడాల్సిందే. నేర్చుకునేవాడికి కావలసిందీ అదే. రష్యా నుంచి వచ్చిన లెలుష్ అసలు జపనీస్ పోటీదారులకి దుబాసీగా వచ్చి పోటీలో ఇరుక్కున్నాడు. నాకు ఓటెయ్యొద్దు మొర్రో అని ప్రేక్షకుల్ని వేడుకున్నకొద్దీ జనం ఓట్లేశారు. ఫైనల్ దాకా లాక్కొచ్చి 17వ స్థానంలో వదిలారు. అతని మాటలు పొడి పొడిగా ఉంటాయి, ఒక్కో ముక్కా విడిగా వినబడుతుంది.

ఐడల్ షోల్లో భాషకి అన్నిటికన్నా పనికొచ్చేది స్థానాలు ప్రకటించే ఘట్టం. చూసేవాళ్లకి అదే విసుగు, ఒక్క పేరు చెప్పడానికి మూడు నిమిషాలు సాగదీస్తారు. కానీ ఆ సాగదీతలోనే ‘తీ ... మింగ్’ (ఫలానా స్థానం), ‘థావ్‌థాయ్’ (ఎలిమినేషన్), ‘ఛూతావ్’ (రంగప్రవేశం) పదేపదే చెవిన పడతాయి. ఓట్ల అంకెలూ అక్కడే వస్తాయి. చైనీస్‌లో పెద్ద అంకెలు ‘వాన్’ లెక్కన నడుస్తాయి, ఒక వాన్ అంటే పదివేలు. ఇంగ్లీషు మిలియన్లలోకి మార్చబోతే బుర్ర తిరుగుతుంది. మన లక్షల్లోకి అయితే చాలా తేలిక: వాన్‌ల సంఖ్యని పదితో భాగిస్తే లక్షలు. మూడు వందల వాన్ అంటే ముప్ఫై లక్షలు.

‘థావ్‌థాయ్’ని తెలుగులో థ పెట్టి రాయడానికి కారణం ఉంది. పిన్‌యిన్‌లో, అంటే చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిలో, ఇంగ్లీషు ‘టీ’ అక్షరం కనబడితే అది ఒత్తున్న థ, ‘డీ’ కనబడితే ఒత్తులేని త. అలాగే ‘కే’ అంటే ఖ, ‘జీ’ అంటే క. మనవాళ్లు ‘డీ’ని ద అని, ‘టీ’ని త అని చదివేస్తారు. అప్పుడు మీరు ‘థావ్‌థాయ్’ అనుకుని అన్నది చైనావాళ్ల చెవికి ఇంకేదో మాట. ఒత్తక్షరాలు మన లిపిలో ఉన్నాయి, వాడటానికే బద్ధకం.

వారానికి ఒక ఎపిసోడ్ మొత్తం చూడటం కన్నా అయిదు నిమిషాల ముక్కని వారమంతా నమలడం మేలు. హాస్టల్ గదిలో కబుర్లాడుకునే ఘట్టం దీనికి బాగా పనికొస్తుంది. తొలిసారి తెర కింది భాగాన్ని కాగితంతో మూసి వినాలి. రెండోసారి చైనీస్ సబ్‌టైటిళ్లు చూస్తూ వినాలి. మూడోసారి వాక్యం వాక్యానికీ ఆపి, అదే వేగంతో వెనకాల అనాలి. అయిదు మాటలు మించి రాసుకోవద్దు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పెట్టుకుంటే కళ్లు వాటి మీదికే పోతాయి, చెవి పడుకుంటుంది. తెర మీద రంగురంగులుగా ఎగిరే ‘హువాత్సి’ అక్షరాలు మాత్రం వరమే. ముఖ్యమైన మాటని మళ్లీ పెద్దగా రాసి చూపిస్తాయి.

చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో మెట్టు, అంటే పాత పద్ధతిలో 1,200 మాటలు, దాటినవాళ్లకి ‘చువాంగ్’ కన్నా ‘స్ట్రీట్ డ్యాన్స్ ఆఫ్ చైనా’ మేలు. చైనా వీడియో సైటు యూకూ 2018లో మొదలుపెట్టిన షో ఇది. నాట్యానికి స్వరాల గొడవ లేదు, మిగిలిందంతా మాటలే. కెప్టెన్లు డ్యాన్సర్ల కోసం కొట్టుకుంటారు, ఎంపికైనవాడి చేతికి తువ్వాలు ఇస్తారు. ‘న్యూ’ (అక్షరాలా ఎద్దు, భావం ‘అదరగొట్టాడు’), ‘చా’ (పేలింది) లాంటి బతికున్న మాటలు అక్కడ దొరుకుతాయి. ‘న్యూ’ వెనక ఇంకో అక్షరం తగిలిస్తే బూతవుతుంది. వినండి, టీచరు దగ్గర వాడకండి. 300 మాటల దగ్గరున్నవాళ్లు ఈ రెండూ మాని, 2002 నుంచి విదేశీ విద్యార్థులకి జరుగుతున్న ‘చైనీస్ బ్రిడ్జ్’ పోటీ వీడియోలు చూడొచ్చు. ఉచ్చారణ శుభ్రంగా ఉంటుంది. బట్టీ పట్టిన ఉపన్యాసాలు కాబట్టి మజా తక్కువ.

అభిమాన లోకం సంగతి కావాలంటే ఐడల్ షోలదే పైచేయి. అభిమానిని ‘ఫెన్‌సి’ అంటారు, ఇంగ్లీషు ‘ఫ్యాన్స్’ శబ్దాన్ని అనుకరించే ఈ మాటకి అసలు అర్థం సన్న సేమ్యా. 2005లో ‘సూపర్ గర్ల్’ పాటల పోటీ గెలిచిన లీ యూచున్‌కి సుమారు 352 వాన్ ఎస్సెమ్మెస్ ఓట్లు పడ్డాయి. ఆమె అభిమానుల పేరు ‘యూమి’. ‘యూ’ ఆమె పేరులోది, ‘మి’ అంటే పిచ్చి ఉన్నవాళ్లు. ఆ రెంటినీ మూడు, రెండు స్వరాల్లో పలికితే అభిమానులు. నాలుగు, మూడు స్వరాల్లో పలికితే మొక్కజొన్న. వాళ్లు మొక్కజొన్ననే పేరుగా పెట్టేసుకున్నారు. అదే పోటీలో పాడిన చాంగ్ ల్యాంగ్‌యింగ్ అభిమానులు అలాగే ‘ల్యాంగ్‌ఫెన్’ అయ్యారు, అదొక చల్లని జెల్లీ వంటకం. స్వరాల మీద ఇంతకన్నా గుర్తుండిపోయే పాఠం లేదు.

ఇక ఒక ఐడల్‌ని వదిలి ఇంకొకరి వైపు చూస్తే ‘గోడెక్కాడు’ అంటారు. వయసులో పెద్ద అభిమానులు ఐడల్‌ని ‘కొడుకు’ అని పిలుస్తారు. మన దగ్గర కటౌట్‌కి పాలాభిషేకం చేస్తే, అక్కడ 2021లో ‘యూత్ విత్ యూ’ అనే ఐడల్ షో మూడో సీజన్‌లో పాలు కాలువలో పోశారు. స్పాన్సర్ పాల సీసా మూతలోని కోడ్ స్కాన్ చేస్తే ఓటు, మూతలు కావాలి, పాలు అక్కర్లేదు. ఆ వీడియో బయటపడ్డాక ఫైనల్ ఆగిపోయింది. సెప్టెంబరులో ప్రభుత్వం ఇలాంటి ఐడల్ తయారీ షోలనే నిషేధించింది. కాబట్టి ‘చువాంగ్’ చూసేవాళ్లు అయిపోయిన పెళ్లి వీడియో చూస్తున్నట్టే, ఓటు వేసే ముచ్చట లేదు. అభిమానులతో కలిసి వారం వారం అరవాలంటే కొత్త సీజన్లొచ్చే షోలే గతి.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. 2020 జూన్‌లో మన ప్రభుత్వం ఆపేసిన 59 యాప్‌లలో చైనా సోషల్ మీడియా వైబో ఉంది, నవంబరులో ఆపిన 43లో షోలు చూసే వీటీవీ, మ్యాంగో టీవీ ఉన్నాయి. ఆయా సంస్థల యూట్యూబ్ చానెళ్లే దిక్కు. అక్కడ తెర మీద పరిగెత్తే వ్యాఖ్యలు, ‘తాన్‌మూ’, ఉండవు. చైనాలో ఎంబీబీఎస్ చదివే మనవాళ్లకి ఆ బాధ లేదు. వాళ్లు తాన్‌మూ తెరిచి పెట్టుకుని ‘వైవైడీఎస్’ కనబడితే ‘యుంగ్‌యువెన్ త షెన్’, అంటే ఎప్పటికీ దేవుడే, అని చదువుకోవచ్చు.