ఓరుగల్లు వెళ్తే ఖిల్లాకు అరపూట ఉంచండి

వరంగల్ టూర్ అంటే చాలామంది పొద్దున వేయి స్తంభాల గుడి, మధ్యాహ్నం రామప్ప, దారిలో టైం మిగిలితే ఖిల్లా అని ప్లాన్ వేసుకుంటారు. కాకతీయుల రాజధానిని చూడాలనుకునేవాళ్లకు ఈ లెక్క తిరగబడాలి అని నా అభిప్రాయం.

కరీంనగర్ నుంచి బస్సులో వెళ్లాం కాబట్టి హన్మకొండ బస్టాండ్ దగ్గరే లాడ్జిలో దిగాం. వేయి స్తంభాల గుడి, భద్రకాళి గుడి రెండూ అక్కడికి దగ్గర. గది శుభ్రంగానే ఉంది గానీ రోడ్డు వైపు ఇచ్చారు, రాత్రంతా బస్సుల హారన్లే. వెనక వైపు గది కావాలని ముందే అడగడం మంచిది.

ఖిల్లాకు ఆటో మాట్లాడుకున్నాం. "ఖిల్లాల ఏముంటదమ్మా, నాలుగు రాళ్లు. అర్ధగంటల చూసి వద్దాం" అన్నాడు ఆటో అతను. "ఆ నాలుగు రాళ్ల కోసమే వచ్చినం బిడ్డా, మెల్లగ తోలు" అంది మా అత్తమ్మ. చివరికి వెయిటింగ్ చార్జీతో కలిపి బేరం తెగింది. ఆటోను ఉంచుకోవడమే నయం, లోపల ఒక్కో చోటికి నడక బాగానే ఉంటుంది.

గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయించింది. ముందు మట్టికోట కట్ట దాటుతాం, తర్వాత కందకం, ఆ తర్వాత రాతికోట. గోడలో పెద్ద పెద్ద రాళ్లను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి కూర్చారు. దర్వాజాలో దారి నేరుగా పోదు, మలుపు తిరుగుతుంది. శత్రువు ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా కట్టిన ఆ మలుపులో ఇప్పుడు బైకులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. లోపల మామూలు ఊరే ఉంది, ఇళ్లు, కిరాణా కొట్లు, బడికి పోయే పిల్లలు. నాకైతే ఖిల్లాలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నడిమధ్యన నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. రాష్ట్ర చిహ్నంలో రోజూ చూసేదే అయినా, కింద నిలబడి తలెత్తితే గానీ ఆ ఎత్తు తెలియదు. పైన హంసలు, కింద వేలాడే తామర మొగ్గలు. వాటి మధ్య ఉండాల్సిన స్వయంభూ శివాలయం మాత్రం లేదు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు చిక్కాక ఆ గుడి నేలమట్టమైంది. దాని స్తంభాలు, దూలాలు, చెక్కిన పలకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో ముక్క దగ్గర ఆగి చూస్తే గంట ఇట్టే గడుస్తుంది. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే బోర్డులు చాలవు, మంచి గైడ్ దొరికితే డబ్బు దండగ కాదు. నీడ తక్కువ, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. పక్కనే ఖుష్ మహల్, ఏటవాలు గోడల పెద్ద హాలు. లోపల చల్లగా ఉంటుంది, మా అత్తమ్మ మోకాళ్లకు అక్కడే విశ్రాంతి.

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడికి సాయంత్రం వెళ్లాం. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లున్న త్రికూటాలయం. నల్లరాతి నంది నునుపు చూసి తీరాలి. విప్పదీసి ఏళ్లకేళ్లు అలాగే ఉంచిన కల్యాణ మండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 శివరాత్రికి తెరిచారు, అదీ చూడొచ్చు. చెప్పుల స్టాండ్ దగ్గర మాత్రం తోపులాటే. భద్రకాళి చెరువు గట్టు మీద చల్లగాలి బాగుంది, గుడి క్యూ మాత్రం పెద్దది.

రామప్పను ఇదే రోజులో ఇరికించొద్దు. 1213 నాటి ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక సెలవుల్లో జనం బాగా పెరిగారు, మదనికల్ని, అంటే చూరు కింద చెక్కిన స్త్రీ శిల్పాల్ని, నింపాదిగా చూడాలంటే పొద్దున్నే చేరుకోవాలి. సొంత బండి లేనివాళ్లు హన్మకొండలో ములుగు మీదుగా పోయే బస్సు ఎక్కి జంగాలపల్లి క్రాస్‌లో దిగితే, అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటోలుంటాయి. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటోనే ముందే మాట్లాడుకోండి.