జాగ్రత్త: "అడుగున నాలుగు గులకరాళ్లు వెయ్యండి" అంటూ చిల్లు లేని కుండీ అంటగడుతున్నారు

బెజవాడలో గానీ గుంటూరులో గానీ ఇంట్లో పెట్టుకునే మొక్కకు కుండీ కొంటున్నవాళ్లు డబ్బులిచ్చే ముందు దాన్ని తిరగేసి అడుగు చూడండి. చిల్లు లేదంటే షాపాయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఏం ఫర్లేదండీ, అడుగున నాలుగు గులకరాళ్లు వెయ్యండి, నీళ్లు వాటిల్లోకి దిగిపోతాయి." ఆ మాట నమ్మి నాటిన స్నేక్ ప్లాంట్ వానాకాలం దాటడం కష్టం. ఏ షాపు పేరూ ఇక్కడ రాయడం లేదు. ఇది ఒక్క షాపు జబ్బు కాదు.

ముందు ఆ గులకరాళ్ల సంగతి తేలుద్దాం. గిన్నెలు తోమే స్పాంజి ఒకటి బాగా తడిపి, పిండకుండా, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. బొట్లు కారడం ఆగాక, అలాగే మెల్లగా నిలువుగా తిప్పండి. మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అడుగు అంచు నుంచి కొంత ఎత్తు వరకూ నీటిని వదలదు, అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా ఆ ఎత్తు మారదు. అడ్డంగా పెట్టినప్పుడు దాదాపు స్పాంజంతా ఆ ఎత్తులోనే ఉంటుంది. నిలబెడితే కింది ముక్క మాత్రమే తడిగా మిగులుతుంది. కుండీలో మట్టీ ఇంతే. చిల్లు ఉన్నా సరే, అడుగున కొంత మందాన నీళ్లు పట్టుకునే ఉంటుంది. ఆ మందం ఎంతన్నది మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది, మీరు పోసే నీళ్లను బట్టి కాదు. అడుగున 2 అంగుళాలు రాళ్లు పోస్తే ఆ తడి పొర పోదు, 2 అంగుళాలు పైకి జరిగి వేర్ల దగ్గరికి వస్తుంది. పైనున్న మెత్తటి మట్టి నీటితో పూర్తిగా నిండితే తప్ప ఆ నీరు కింద రాళ్ల మధ్య ఖాళీల్లోకి దిగదు. చిల్లే లేని కుండీలో అయితే ఆ దిగిన నీరు కూడా అక్కడే కుళ్లి మురుగు వాసన కొడుతుంది.

వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ ఉండే బౌల్ కుండీలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ అవి పడుకోబెట్టిన స్పాంజిలాంటివి. వాటిల్లో మామూలు మట్టి పోసి జేడ్, కలబంద నాటితే ఎక్కువ రోజులు బతకవు.

చిల్లు ఉన్నట్టు కనిపించి లేని కుండీలు మరో రకం. ప్లాస్టిక్ కుండీల అడుగున గుండ్రటి గుర్తులు అచ్చులోనే వస్తాయి, వాటిని కొనుక్కున్నవాళ్లే కోసుకోవాలి. ఫైబర్ కుండీలకు రబ్బరు మూత బిగించి ఉంటుంది. పింగాణీ వాటికి పెన్సిల్ కూడా దూరనంత చిల్లు పెట్టి దాన్నీ పూతతో సగం మూసేస్తారు. అందుకే కంటితో చూసి ఊరుకోకండి, ఒక పుల్ల దూర్చి చూడండి. 6 అంగుళాల కుండీకి 8 నుంచి 10 మిల్లీమీటర్ల చిల్లులు నాలుగైనా ఉండాలి, లేదా చూపుడువేలు దూరేంత పెద్దది ఒకటి. 10 అంగుళాల దానికి అలాంటివి ఆరేడు కావాలి.

చిల్లు మీద బోర్లించే పెంకు కన్నా దోమతెర ముక్క మేలు. పెంకు ఒక్కోసారి సరిగ్గా అతుక్కుని దారి మూసేస్తుంది. అడుగు చదునుగా ఉన్న కుండీ నున్నటి టైల్స్ మీద కూర్చుంటే నేల కూడా ఇదే పని చేస్తుంది, కాబట్టి కింద మూడు టైలు ముక్కలు పెట్టండి. ప్లాస్టిక్‌కు చిల్లులు మీరే పెట్టాలంటే డ్రిల్ వాడండి. కాల్చిన చువ్వతో కూడా పడతాయి గానీ ఆ పొగ పీల్చకూడదు, బయటికి తీసుకెళ్లి చేయండి. పింగాణీకి టైల్స్ కోసే డైమండ్ బిట్ వాడాలి. డ్రిల్‌లో సుత్తిలా కొట్టే హ్యామర్ మోడ్ ఆపేసి, తక్కువ వేగంతో, ఆ చోట కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ, బలంగా నొక్కకుండా తిప్పాలి. హ్యామర్ ఆపకపోతే కుండీ రెండు ముక్కలు. నీళ్లూ కరెంటూ కలిసే పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ అయితే మంచిది. ఇదంతా ఎందుకనుకుంటే ఆ పింగాణీ కుండీని పైతొడుగుగా ఉంచి, చిల్లులున్న నర్సరీ కుండీని అందులో దించండి. నీళ్లు పోసిన అరగంటకు లోపలి కుండీ ఎత్తి అడుగున చేరినవి పారబోయాలి. కింద పళ్లేలకూ ఇదే లెక్క. వారం పది రోజులు నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా అందులోనే పెరుగుతుంది.

"పెరిగే మొక్కే కదండీ, ముందే పెద్దది తీసుకోండి" అన్నది షాపులో వినిపించే రెండో మాట. ఇదీ వినకండి. 4 అంగుళాల కవర్లో వచ్చిన మొక్కకు 6 అంగుళాల కుండీ సరిపోతుంది. వేరు ముద్ద చుట్టూ ఒక అంగుళం ఖాళీ ఉంటే చాలు. అదే మొక్కను 10 అంగుళాల కుండీలో పెడితే ఏడెనిమిది లీటర్ల మట్టి తడుస్తుంది, ఆ చిన్న వేర్లు తాగేది ఏ మూలకు? మిగతాదంతా రోజుల తరబడి తడిగానే ఉంటుంది. జులై నుంచి నవంబరు దాకా మన దగ్గర ముసురు, వాయుగుండాలు, గాలిలో తేమ. కిటికీలు మూసిన ఫ్లాట్‌లో ఆ తడి ఆరనే ఆరదు.

ఇక అసలు నష్టం "పాటింగ్ మిక్స్" అని అమ్మే కుండీ మట్టి బస్తాల్లో ఉంది. కిలోల లెక్కన అమ్మితే మీరు నీళ్లు కొంటున్నట్టే, తడిపిన 5 కిలోల బస్తా ఆరితే ఎంత మిగులుతుందో చెప్పలేం. లీటర్లు రాసి ఉన్న బస్తా తీసుకోండి. కొనేముందు ఒక గుప్పెడు తీసి పిడికిలి బిగించి తెరవండి. వేలితో తడితే ముద్ద విరిగి రాలిపోవాలి. సున్నుండలా గట్టిగా నిలబడి, వేళ్లకు మెరుస్తూ అంటుకుందంటే అందులో బంకమట్టి ఉంది. పుల్లటి వాసన వస్తే అది బస్తాలోనే కుళ్లుతోంది.

పైన కనిపించే తెల్ల పూసలు చూసి, మట్టి గుల్లగా ఉండి నీళ్లు దిగిపోవడానికి కలిపే పెర్లైట్ అనుకోకండి. పెర్లైట్ అనేది అగ్నిపర్వతపు గాజురాయిని వేడి చేసి పేలాల్లా ఉబ్బించింది. వేళ్ల మధ్య నలిపితే గరుకు పొడి అవుతుంది. థర్మోకోల్ పూస అయితే నొక్కుకుంటుంది గానీ పొడి కాదు. అగ్గిపుల్ల దగ్గర పెడితే కరిగిపోతుంది, పెర్లైట్‌కు ఏమీ కాదు. పెర్లైట్ అడిగితే వర్మిక్యులైట్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది బంగారు రంగులో పొరలు పొరలుగా ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, అంటే మనకు కావలసిన దానికి సరిగ్గా ఎదురు. పెర్లైట్ కలిపేముందు తడపండి, దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. 650 గ్రాముల ఇటుక మూడు నాలుగు లీటర్ల నీళ్లలో నానితే ఎనిమిది తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. సరిగా కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది. అది ఆకుల కొసలు మాడుస్తుంది, మనమేమో నీళ్లు ఎక్కువయ్యాయనో తక్కువయ్యాయనో గింజుకుంటాం. పాత దిండు గలీబులో వేసి మూడుసార్లు జాడించండి. టీ రంగు పోవడం ఒక్కటే గుర్తు కాదు, ఆ రంగు పీచుది, ఉప్పుది కాదు. ఇంట్లో ఆర్వో కోసం కొన్న టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) ఉంటే జాడించిన నీళ్లలో ముంచండి, మీ కుళాయి నీళ్ల అంకెకు దగ్గరగా వస్తే కడగడం అయినట్టే. ఇంకో మోసం కోకోపీట్ చేసేదే: పైన అంగుళం ఎండి లేత గోధుమ రంగుకు వస్తుంది, మూడు అంగుళాల కింద చిత్తడిగా ఉంటుంది. పైన ముట్టుకుని నీళ్లు పోసేవాళ్ల మొక్కలు ఇలాగే పోతాయి. అగరబత్తి పుల్ల శుభ్రంగా గీకి, అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. కింది భాగం నల్లగా, తడిగా వస్తే ఆ రోజు నీళ్లు వద్దు.

మిక్స్ ఇంట్లోనే కలుపుకుంటే ఈ బాధ ఉండదు. మనీ ప్లాంట్, ఆగ్లోనెమా లాంటి వాటికి పది మగ్గుల లెక్కన కడిగిన కోకోపీట్ 4, పెర్లైట్ లేదా శనగగింజంత ఇటుక ముక్కలు 3, వర్మీకంపోస్ట్ 2, కాల్చిన ఊక 1. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్, జేడ్‌లకు ఇటుక ముక్కలు 4, గరుకు ఇసుక 2, కోకోపీట్ 2, వర్మీకంపోస్ట్ 1, ఊక 1. 6 అంగుళాల కుండీకి రెండు లీటర్లలోపే పడుతుంది. ఇసుక రవ్వ జల్లెడలో జల్లించి పైన మిగిలింది వాడండి. ప్లాస్టరింగ్‌కు వాడే సన్న ఇసుక కోకోపీట్ ఖాళీలను పూడ్చేస్తుంది. ఊక అంటే నల్లగా కాలినా గింజ పొట్టు ఆకారం చెడనిది. మిల్లు దగ్గర ఊరికే ఇచ్చే బూడిద కాదు, అది మెత్తగా పేరుకుంటుంది, క్షారమూ ఎక్కువ. పొలం మట్టి ఉచితం కదా అని గుంటూరు వైపు నల్లరేగడి తెచ్చి కలపకండి. తడిస్తే ఉబ్బి, ఎండితే పగిలే మట్టి అది. పత్తికి బంగారం, కుండీకి గండం.

కలిపింది బాగుందో లేదో చూడాలంటే లీటరు నీళ్ల సీసా మెడ కోసి, అడుగున ఐదు చిల్లులు పెట్టి, మిక్స్ నింపి ఒకసారి పూర్తిగా తడపండి. తర్వాత గ్లాసుడు నీళ్లు పోయండి. అర నిమిషం దాటినా పైన నిలిచే ఉంటే ఇటుక ముక్కలు ఇంకో రెండు మగ్గులు పడాల్సిందే.

కడియం నుంచి వచ్చే మొక్కల కవర్లలో తరచూ ఎర్ర బంకమట్టి ముద్ద ఉంటుంది. ఎంత మంచి మిక్స్‌లో నాటినా ఆ ముద్ద మధ్యలో అలాగే ఉండిపోతుంది. వానల్లో ఆరదు, మేలో రాయిలా ఎండి నీళ్లు దాని పక్కనుంచి జారిపోతాయి. కవరు తీసి బకెట్ నీళ్లలో ఇరవై నిమిషాలు నాననిచ్చి, బయటి మూడో వంతు మట్టి వేళ్లతో మెల్లగా విడదీయండి. మొత్తం కడిగేయాలని చూస్తే వేర్లు తెగుతాయి.

మట్టి కుండీయా, ప్లాస్టిక్కా? ఇంట్లో ఉండేదానికి, చేయి ఊరుకోక నీళ్లు పోసేవాళ్లకు పూత లేని మట్టి కుండీ. దాని గోడల నుంచి కూడా తడి ఆరుతుంది. పెయింట్ వేసినది తీసుకుంటే ఆ లాభం పోయినట్టే. బాల్కనీలో మే ఎండకైతే మట్టి కుండీ ఒక్క రోజులో ఎండిపోతుంది, అక్కడ ప్లాస్టిక్ నయం. మట్టి కుండీ మీద తెల్లగా పేరుకునేది చాలాసార్లు బోరు నీళ్ల ఉప్పే, బ్రష్‌తో రుద్దితే పోతుంది. "సెల్ఫ్ వాటరింగ్" కుండీలు పీస్ లిల్లీకి పర్వాలేదు. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ దుంపల్లో నీళ్లు దాచుకునే మొక్కలు, వాటికి అడుగున ఎప్పుడూ తడి ఉండే కుండీ అంటగట్టడం అన్యాయం.

ఇప్పటికే మోసపోయినవాళ్లకు. మట్టి తడిగా ఉండగానే ఆకులు వాడిపోతున్నాయంటే దాహం కాదు, వేర్లు కుళ్లి నీళ్లు తాగలేకపోతున్నాయి. కుండీ చుట్టూ చిన్న నల్ల ఈగలు ఎగరడం ముందస్తు గుర్తు. మొక్కను బయటికి తీసి వేరును వేళ్ల మధ్య లాగండి: గట్టిగా, తెల్లగా ఉంటే మంచిది. పైతోలు తొడుగులా ఊడి లోపల దారం మిగిలితే అది పోయింది. పోయినవన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించి, మామూలు మొక్కను రెండు మూడు గంటలు, స్నేక్ ప్లాంట్‌ను ఒకటి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, మిగిలిన వేర్లకు సరిపడా చిన్న కుండీలో కొత్త మిక్స్‌లో నాటండి. పాత మట్టి మళ్లీ వాడకండి. కొత్త ఆకు మొలిచేదాకా ఎరువు జోలికి పోవద్దు, నీళ్లు మాత్రం పుల్ల అడుగుదాకా పొడిగా వచ్చినప్పుడే.