ఎంఎంటీఎస్ రద్దుల వేళ: నెల సీజనా, రోజువారీ టికెట్టా?

హైదరాబాద్ లోకల్ రైళ్లైన ఎంఎంటీఎస్‌లో, లింగంపల్లి–సికింద్రాబాద్ మార్గంలో పట్టాల పనుల కోసం రైళ్లు రద్దనగానే, నెలంతా ఎన్నిసార్లైనా తిరగనిచ్చే సీజన్ టికెట్ దండగ అనుకునేవాళ్లే ఎక్కువ. లెక్క వేస్తే అలా తేలదు. సెకండ్ క్లాస్ నెల సీజన్ ధర ఒకవైపు ఛార్జీకి సుమారు 15 నుంచి 20 రెట్లు. అంటే ఎనిమిది నుంచి పది రోజులు రాకపోకలు సాగిస్తే డబ్బు వచ్చేసినట్టే. నెలలో సగం రైళ్లు పోయినా సీజనే చవక.

రోజువారీ టికెట్‌కు ఒక సుఖముంది: రైలు లేని రోజు కొనక్కర్లేదు. కాబట్టి ముందు రన్నింగ్ స్టేటస్ చూసి, తర్వాతే కొనండి. మొబైల్‌లో పేపర్‌లెస్‌గా తీసుకున్న టికెట్‌ను రద్దు చేసుకోలేరు. కౌంటర్ టికెట్ మీరే వద్దనుకుని వెనక్కిచ్చినా మినహాయింపు 30 రూపాయలు, 5 రూపాయల టికెట్‌పై తిరిగొచ్చేది సున్నా.

అసలు చిక్కు బేగంపేట దగ్గర: అది దాటాక సికింద్రాబాద్, నాంపల్లి దారులు విడిపోతాయి. సికింద్రాబాద్ బండి రద్దయిందని నాంపల్లి బండెక్కితే మీ సీజన్ బేగంపేట వరకే చెల్లుతుంది. ఖైరతాబాద్‌లో పట్టుబడితే ఛార్జీ కాక కనీసం 250 రూపాయల జరిమానా. బేగంపేటలో దిగి మెట్రో నీలం లైన్ పట్టుకుంటే నేరుగా సికింద్రాబాద్ ఈస్ట్. దానికి టికెట్ వేరే, సీజన్ అక్కడ పనికిరాదు.

వారానికి ఒకట్రెండు రోజులే ఆఫీసుకెళ్లేవాళ్లకు మాత్రం రోజువారీ టికెట్టే నయం.